టెంట్ హౌస్ పాటగాడు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రోగ్రాం అయ్యాక వైర్లు చుట్టుకుంటుంటే కొందరు అడుగుతారు. ఫోన్లో కొందరు, పెళ్లిళ్లలో భోజనాల దగ్గర చుట్టాలు కొందరు. అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మళ్లీ మళ్లీ చెప్పడం విసుగై కాదు. ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్తున్నానని మా చెల్లె పట్టేసింది.

ఇండీ పాట అంటే ఏంటి?

మా పెద్దమ్మ ఈ మాట మొదటిసారి విని "ఇంటి పాటనా? మంగళహారతి లెక్కనా?" అంది. అందరూ నవ్వారు గానీ ఆమె చెప్పింది సగం నిజమే. ఇండిపెండెంట్ అనే మాటను పొట్టి చేస్తే ఇండీ. పెద్ద మ్యూజిక్ కంపెనీ డబ్బు, పెత్తనం లేకుండా రాసుకుని, పాడుకుని, సొంతంగా జనంలోకి వదిలే పాట. 1977 జనవరిలో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ కుర్రాళ్లు, బజ్‌కాక్స్ అనే బృందం, తెలిసినవాళ్ల దగ్గర 500 పౌండ్లు అప్పు తెచ్చి నాలుగు పాటల రికార్డు సొంతంగా అచ్చు వేయించుకున్నారు. మొదటి విడత వెయ్యి కాపీలు. "మనమూ చేసుకోవచ్చు" అని మిగతా కుర్రాళ్లకు ధైర్యం వచ్చింది అక్కడి నుంచే. ఇండీ రాక్ కథ చెప్పేవాళ్లు చాలామంది ఆ రికార్డు దగ్గర మొదలుపెడతారు.

మా వైపు ఈ పద్ధతికి ప్రత్యేకంగా పేరు లేదు. ఉన్నది అదొక్కటే పద్ధతి కాబట్టి. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని పాడితే ఏ కంపెనీ పాడించింది? 2022లో పద్మశ్రీ వచ్చాక పట్నం వాళ్లకు తెలిసింది. నారాయణపేట జిల్లా దామరగిద్ద నుంచి బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు 2024లో వచ్చింది. గిటార్ మీద ఫ్రెట్లు అంటాం చూడండి, అవీ మెట్లే. పన్నెండో మెట్టు దగ్గర గిటార్ తీగ సరిగ్గా సగమై, అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. కిన్నెర పన్నెండుకూ దీనికీ సంబంధం లేదు. ఊరికే, నాకు ఆ ముచ్చట ఇష్టం.

గిటార్ మీ చేతికి ఎట్లా వచ్చింది?

కిరాయి బాకీ కింద వచ్చింది.

మా నాన్నది నల్లగొండ దగ్గర టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, డేగిశలు, మైకు సెట్టు. ఏడో తరగతి నుంచి పెళ్లిళ్లలో క్యాసెట్ మార్చే డ్యూటీ నాది. మైకు టెస్టింగ్ అందరూ వన్ టూ త్రీ అని చేస్తారు. నేను పాట అందుకునేవాణ్ని, మా నాన్న వచ్చి ప్లగ్గు పీకేవాడు. ఒకసారి ఒక ఆర్కెస్ట్రా వాళ్లు స్పీకర్ బాక్సులు తీసుకుపోయి, కిరాయి ఇవ్వలేక ఒక గిటార్ వదిలేసి పోయారు. "పైసలు తెచ్చి తీస్కపోతం" అన్నారు. ఇప్పటిదాకా రాలేదు. వస్తే ఇచ్చేయాలని మా నాన్న ఇప్పటికీ అంటాడు, అంటూ నా వైపు చూస్తాడు.

ఆ గిటార్‌కు ఐదు తీగలే ఉన్నాయి. ఆరోది హైదరాబాద్ పోతే గానీ దొరకదన్నారు. వంద కిలోమీటర్లు, బస్సు చార్జీ తీగ ధర కంటే ఎక్కువ. ఎనిమిది నెలలు ఐదు తీగల మీదే నేర్చుకున్నాను. సన్న తీగ లేదు కాబట్టి నా చెవి మంద్ర స్వరాలకు అలవాటు పడింది. ఇప్పటికీ నా పాటలన్నీ కిందే తిరుగుతాయని ఒకాయన రాశాడు. అది నా శైలి అనుకుని రాశాడు పాపం.

డిగ్రీ అయ్యాక ఎల్బీనగర్‌లో నలుగురం రూం తీసుకుని మూడేళ్లు ఉన్నాను. కేఫ్‌లలో ఇంగ్లిష్ పాటలు పాడేవాణ్ని. నాన్నకు మోకాలి ఆపరేషన్ అయితే కొన్నాళ్లకని ఊరొచ్చాను. ఇంక పోలేదు.

తెలుగులో రాక్ కుదురుతుందా?

గిటార్ నేర్చుకునే పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. కుదురుతుంది. కానీ ఇంగ్లిష్ పాట మీద తెలుగు మాటలు అంటిస్తే కుదరదు.

రాక్ దరువులో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ గట్టిగా పడతాయి. ఇంగ్లిష్ మాటలు చాలావరకు హల్లుతో టక్కున ఆగిపోతాయి, దెబ్బకు దెబ్బ సరిపోతుంది. మన మాట అచ్చుతో ముగుస్తుంది, సాగుతుంది. సాగడం మనకు వరమే, కర్ణాటక సంగీతం అంతా దాని మీదే బతుకుతుంది. చిక్కేమిటంటే సాగకూడని చోట సాగితే అర్థం మారుతుంది. నేను రాసిన మొదటి తెలుగు పాటలో "పని లేదు" అని ఒక ముక్క ఉండేది. దెబ్బ కోసం "ప" మీద బరువు వేసి లాగాను. మా ఊళ్లో పాడితే అందరూ "పానీ లేదు" అని విన్నారు. ఒక పెద్దమనిషి వచ్చి చేయి పట్టుకుని "నీళ్ల గోస మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నాడు. నల్లగొండలో అట్లా వినపడటంలో ఆయన తప్పేమీ లేదు.

దారి దొరకడానికి ఏడాది పట్టింది. స్కూల్లో ఛందస్సు చెప్పేటప్పుడు లఘువు, గురువు అని గీతలు గీయించారు గుర్తుందా? దీర్ఘం ఉంటే గురువు. దీర్ఘం లేకపోయినా పక్కన ఒత్తక్షరం ఉంటే ముందున్నది గురువే. గుట్ట, మట్టి, పొద్దు. "గు" పొట్టిదే, కానీ "ట్ట" దాన్ని బరువు చేస్తుంది. అచ్చును లాగకుండానే దెబ్బ పడుతుంది! అప్పటి నుంచి స్నేర్, అంటే ఆ రెండో, నాలుగో దెబ్బ వేసే డ్రమ్ము, పడే చోట ఒత్తున్న మాట, లేదా "బండ" లాంటి సున్నా ఉన్న మాట పెట్టుకుంటున్నాను.

పొద్దు గుట్ట దిగినా
మా బండ ఇంకా కాలుతనే ఉంది

ఈ రెండు లైన్లు చప్పట్లతో పాడి చూడండి. పరీక్షల కోసం బట్టీ పట్టిన తెలుగు వ్యాకరణం డ్రమ్స్ దగ్గర పనికొస్తుందని మా సారుకు చెప్పాలని ఉంది.

డప్పు గురించి కూడా అడుగుతారు. మా బృందంలో డ్రమ్స్ ఉండవు, డప్పే. చిర్రతో పెద్ద దెబ్బ, చిటికెన పుల్లతో చిన్న దెబ్బ, అంటే డ్రమ్స్‌లో కిక్కు, స్నేరు చేసే పని చాలావరకు అయిపోయినట్టే. వానాకాలం మాత్రం కష్టం. తోలు మెత్తబడి శ్రుతి దిగిపోతుంది, మంట వేసి కాచాలి. ఒక కాలేజీ ఆడిటోరియంలో మంట వేయనివ్వరు కదా, బయట చాయ్ బండి స్టవ్ మీద కాచుకొచ్చాం.

పాట ముందా, బాణీ ముందా?

మాట ముందు. ఒక మాట దొరికితే దాన్ని పది రోజులు బండి మీద పోతూ గొణుక్కుంటాను. పదకొండో రోజుకు కూడా నచ్చితే గిటార్ తీస్తాను.

యాసలో రాయడం ట్రెండ్ కోసమేనా?

మొదట్లో సినిమా తెలుగులో రాసేవాణ్ని. "నీ కనుల వెన్నెల" టైపు. మా చెల్లె విని, "అన్నా, నువ్వు ఏ రోజన్న కనులు అన్నవా?" అంది. అంతే. అయితే ప్రతి మాటా యాసలోనే ఉండాలని పట్టుదల కూడా లేదు. యాసను ఉప్పులా కాకుండా పులిహోరలా కలిపేస్తున్న పాటలు ఈ మధ్య ఎక్కువయ్యాయి, అవి వింటే మా ఊరివాళ్లను ఎక్కిరిస్తున్నట్టే ఉంటుంది.

నల్లగొండ వాడివై ఉండి ఫ్లోరైడ్ మీద పాట ఎందుకు రాయలేదు?

హైదరాబాద్‌లో ఎవరు మైకు పట్టినా ఇదే అడుగుతారు. మూడుసార్లు రాశాను. మూడూ చింపేశాను.

తెలిసిన సంగతులే రాశాను మరి. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఇంకా పెరిగితే ఎముకలకు చేటు. పటిక, సున్నం వేసి నీటిని శుద్ధి చేసే పద్ధతిని నాగ్‌పూర్ నీరి సంస్థ తయారు చేసింది, దానికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అని పేరు. మర్రిగూడ వైపు వంగిపోయిన మనుషుల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఇవన్నీ పాటలో పెడితే పాట కాలేదు, కలెక్టరాఫీసు గోడ మీద పోస్టర్ అయింది.

మా మేనమామ ఉండేవాడు. మెడ తిరిగేది కాదు. వెనక నుంచి "మామా" అని పిలిస్తే, పాదాలు జరుపుకుంటూ ఒళ్లంతా తిప్పి చూసేవాడు. తిరిగేలోపు నేను పరిగెత్తి ఇంకో పక్కకు పోయేవాణ్ని, ఆటగా. ఆయనా నవ్వుతూ మళ్లీ తిరిగేవాడు. నాకప్పుడు ఆరేళ్లు. అది ఒక పాటలో ఉంది, ఒకే లైను. ఫ్లోరైడ్ అనే మాట అందులో లేదు. విన్నవాళ్లలో మా వైపువాళ్లకు తెలిసిపోతుంది.

ఎక్కడ రికార్డ్ చేస్తారు? స్టూడియో ఉందా?

టెంట్ హౌస్ గోడౌన్‌లో. పరుపులు, బొంతలు, మడతపెట్టిన షామియానాలు నాలుగు వైపులా ఉంటాయి. మెత్తటి గుడ్డ శబ్దం గోడకు తగిలి తిరిగి రాకుండా మింగేస్తుంది కాబట్టి గది పొడిగా, గొంతు దగ్గరగా వినపడుతుంది. ఒక మంచి కండెన్సర్ మైకు, మైకు శబ్దాన్ని లాప్‌టాప్‌లోకి పంపే రెండు చానెళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్, పాత లాప్‌టాప్, అంతే. ఫోమ్ షీట్లు కొనమని యూట్యూబ్‌లో చెప్తారు. బొంతలు ఉన్నవాళ్లకు అవి అక్కర్లేదు.

మొదట్లో ఒక మోత వచ్చేది. గుయ్‌మని, సన్నగా, ఎప్పుడూ. మైకు మార్చాను, వైర్లు మార్చాను, పోలేదు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ 50 హెర్ట్జ్ మోత అది. కింది స్థాయి జీ (G) స్వరం 49 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంటే ఆ మోత దాదాపు జీ శ్రుతి. నా మొదటి మూడు పాటలూ జీ స్కేల్‌లోనే ఎందుకున్నాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. వేరే శ్రుతిలో పాడితే మోత విడిగా వినపడేది, జీలో పాడితే శ్రుతి బాక్సులా కలిసిపోయేది. చివరికి మా ఊరి లైన్‌మన్ చూసి "మీకు ఎర్తింగే లేదు గదనే" అన్నాడు. మీటరు పక్కన గుంత తీసి, రాడ్డు దింపి, చుట్టూ ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు పోశాం. మోత పోయింది. నాలుగో పాట E స్కేల్‌కు మారింది.

రికార్డింగ్ రాత్రి పన్నెండు నుంచి నాలుగు వరకు. తర్వాత గుడి మైకు మొదలవుతుంది, బోరు మోటార్లు స్టార్టవుతాయి. ఒక పాటలో రెండో చరణం చివర లారీ హారన్ వినపడుతుంది. తీసేయొచ్చు. సరిగ్గా తాళంలో పడింది, ఉంచాను.

"గిట్ల పాడితే పైసలొస్తయా?"

స్ట్రీమింగ్ నుంచి పోయిన ఏడాది వచ్చిన డబ్బులతో రెండు సెట్ల తీగలు కొన్నాను. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటకు ఏడాదిలో వెయ్యి ప్లేలు దాటకపోతే రికార్డింగ్ మీద ఏమీ రాదు. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైం ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూలు. కాబట్టి ఇల్లు గడిచేది టెంట్ హౌస్ మీద, ఊళ్లలో సౌండ్ ఆపరేటింగ్ మీద, ఆదివారం గిటార్ ట్యూషన్ మీద. ప్రోగ్రాములు మిగతాది. కాలేజీలు చెక్కిచ్చేటప్పుడు టీడీఎస్ అని పది శాతం పన్ను ముందే కోస్తాయి. అది పోయిన డబ్బు అనుకోకండి, రిటర్న్ వేస్తే మీ లెక్కలో చూపి వెనక్కి అడగొచ్చు. నేను నాలుగేళ్లు అడగలేదు.

మీ పాట ఇంకో చానెల్‌లో చూశాం. అది మీదేనా?

నాదే. దీని గురించి కొంచెం పొడుగ్గా రాయాలి.

ఒక జానపద పాటల చానెల్‌వాళ్లు ఫోన్ చేశారు. పేరు రాయను. "అన్నా, మస్తుంది పాట, మా దాంట్ల ఏస్తం, నీకు పేరొస్తది" అన్నారు. పాట ఫైలు వాట్సాప్‌లో పంపాను. కాగితం లేదు, సంతకం లేదు. పేరు వేశారు, నిజమే, కింద ఎక్కడో, "మోర్" నొక్కితే కనపడేలా. ఆరు నెలల తర్వాత నా చానెల్‌లో నేనే అదే పాట పెట్టుకుంటే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. నా గొంతు మీద, నా మాటల మీద, నా గోడౌన్ మోత మీద! వాళ్లు పాటను తమదిగా కంటెంట్ ఐడీలో, అంటే ఏ పాట ఎవరిదో యూట్యూబ్ గుర్తుపట్టే ఏర్పాటులో, ఎక్కించారు. ఆ రోజు పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. మా నాన్నకు చెప్తే గోడకు వేలాడుతున్న కిరాయి బుక్కు చూపించాడు. "గరిటె ఇస్తే గూడ రాసి సంతకం తీస్కుంటం. నువ్వు పాట ఇచ్చి ఏం రాస్కున్నవ్?"

ఆ క్లెయిమ్ తప్పని యూట్యూబ్‌లో డిస్ప్యూట్ వేశాను. క్లెయిమ్ వేసినవాళ్లకు జవాబివ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది. ఆలోపు ఏమీ అనకపోతే క్లెయిమ్ దానంతట అదే పోతుంది. నా దగ్గర ఆధారాలు ఉన్నాయి: బండి ఆపి ఫోన్లో గొణిగిన వాయిస్ రికార్డింగులు తేదీలతో సహా, లాప్‌టాప్‌లో ఒక్కో ట్రాక్ విడిగా. ఫోన్లో వాళ్లు గట్టిగానే మాట్లాడారు, కానీ 30 రోజుల్లో రాతపూర్వకంగా ఏమీ పంపలేదు. క్లెయిమ్ పోయింది. వాళ్ల చానెల్‌లో పాట మాత్రం ఇంకా ఉంది, మీరు చూసింది అదే. దాని సంగతి నడుస్తోంది.

అందుకని నాకు తెలిసినంత చెప్తాను. ఒక పాటలో మూడు ఆస్తులు ఉంటాయి: సాహిత్యం, బాణీ, రికార్డింగ్. మూడింటికీ ముగ్గురు యజమానులు ఉండొచ్చు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం, బాణీ మీద హక్కు రాసినవాళ్ల జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. రికార్డింగ్‌కు విడుదల నుంచి 60 ఏళ్లు. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా హక్కు పుట్టుకతోనే ఉంటుంది. హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే మాత్రం రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. నోటి మాట చెల్లదు. వాట్సాప్‌లో నేను పంపింది ఫైలు మాత్రమే, హక్కు కాదు. రాసిచ్చిన కాగితంలో ఎన్నేళ్లో రాయకపోతే ఐదేళ్లే అని, ఎక్కడిదాకో రాయకపోతే ఇండియా వరకే అని చట్టం లెక్క. అందుకే వాళ్లు తెచ్చే కాగితాల్లో "శాశ్వతంగా, విశ్వమంతటా" అని ఉంటుంది. విశ్వం అని నిజంగానే ఉంటుంది, చదివి చూడండి.

2012 సవరణ మనలాంటి వాళ్లకు పెద్ద అండ. సినిమాలో వాడిన పాటైనా సరే, థియేటర్లో ఆ సినిమా ఆడటం తప్ప మిగతా వాడకాలకు వచ్చే రాయల్టీలో రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ వదులుకోవడం కుదరదు. సంతకం పెట్టినా చెల్లదు. ఆ డబ్బు వసూలు చేసి పంచేది ముంబైలోని ఐపీఆర్ఎస్. 1969 నుంచి ఉంది. నేను సభ్యత్వం తీసుకున్నది క్లెయిమ్ గొడవ తర్వాతే. పాట విడుదల చేసేటప్పుడు, దాన్ని పాటల యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఐఎస్ఆర్‌సీ అని పన్నెండు అక్షరాల కోడ్ ఇస్తాడు, అది మీ రికార్డింగ్‌కు ఆధార్ నంబర్ లాంటిది. కిరాయి బుక్కు వెనక పేజీలో రాసి పెట్టుకున్నాను.

సినిమా పాటలకు కవర్ పాడితే తప్పా?

కవర్ అంటే వేరేవాళ్ల పాటను మన గొంతుతో పాడటం. పాడి ఆనందించడం తప్పు కాదు. డబ్బు ఆశ పెట్టుకోకండి. పాట యజమాని యూట్యూబ్‌లో తీసేయిస్తాడు, లేదా ఉండనిచ్చి ప్రకటనల డబ్బు తను తీసుకుంటాడు. రెండోదే ఎక్కువ.

ప్రోగ్రాముకు పిలవాలంటే?

సగం అడ్వాన్సు. పోలీసు పర్మిషన్ మీది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు వద్దని రూలు, కాబట్టి ఎనిమిదికి మొదలుపెడదామంటే ఎనిమిదికే మొదలుపెట్టాలి, ఎమ్మెల్యే గారు రాలేదని తొమ్మిదిన్నర దాకా కూర్చోబెట్టొద్దు. సౌండు మాదే తెచ్చుకుంటాం. కుర్చీలు కావాలన్నా ఇస్తాం.

సినిమాల్లో ట్రై చేయలేదా?

చేశాను. ట్యూన్ బాగుంది, మాటలు మార్చమన్నారు. మార్చాను. మాటలు బాగున్నాయి, ట్యూన్ మార్చమన్నారు.

మా బాబు గిటార్ కావాలంటున్నాడు. ఏది కొనాలి?

ఖరీదైనది వద్దు, మరీ చవకది అసలే వద్దు. తీగ మెట్టుకు ఎంత ఎత్తులో ఉందో చూడండి. ఎత్తుగా ఉంటే వేళ్లు కోసుకుపోయి పిల్లాడు వారంలో వదిలేస్తాడు, తప్పు వాడి మీద వేస్తాం. షాపువాణ్ని సన్న తీగలు, పది గేజ్‌వి వేసివ్వమనండి. ఇంకొకటి, మే నెలలో కారు డిక్కీలో పెట్టి ఎండలో వదలకండి. మా వైపు ఎండకు బంక కరిగి, తీగలు బిగించే బ్రిడ్జి పైకి లేచిపోతుంది. నాది లేచింది, నకిరేకల్‌లో పెళ్లికి పోయినప్పుడు. పెళ్లి భోజనం బాగుంది, బయటికొచ్చేసరికి గిటార్ రెండు ముక్కలు.

కొత్త పాట ఎప్పుడు?

ముహూర్తాలు ఉన్నన్ని రోజులు కాదు. గోడౌన్‌లోని షామియానాలు, బొంతలు అన్నీ పెళ్లిళ్లకు పోతాయి, ఖాళీ గదిలో పాడితే బావిలో పాడినట్టు ఉంటుంది. ఆషాఢం వస్తే సామాను ఇంటికి చేరుతుంది. రెండు పాటలు సిద్ధంగా ఉన్నాయి, ఒకటి మళ్లీ జీలోనే. మొన్న చివరి పెళ్లి నుంచి వచ్చిన బొంతలకు సాంబారు వాసన పోలేదు, ఉతికి డాబా మీద ఆరేశాం.